లార్నకా నుంచి హెరాక్లియన్‌కు అరవై ఎనిమిది నిమిషాలు

లార్నకా, సైప్రస్ ద్వీపం
22 ఆగస్టు 1990

తమ్ముడు ఈశ్వరయ్యకు,

ముందు ఆశీస్సులు, ఆ వెనుకే తిట్లు. రెండింటికీ సరిపడా కాగితం తెచ్చుకునే కూర్చున్నాను.

నువ్వు క్షేమంగా ఉన్నావని జోర్డాన్‌లోని అమ్మాన్ చేరిన నర్సు ఎలీసమ్మ నిన్న ఇక్కడికి ఫోను చేసి చెప్పింది. ఆ మాట వినగానే హోటలు వరండాలో నేను గెంతిన గెంతుకు మా అరబ్బు యజమానురాలు మామా కాఫీ కప్పు కింద పెట్టేసి, "గంగా, యుద్ధం ఖలాసా?" అని అడిగింది. "లేదు మామా, మా తమ్ముడు బతికుండాడు!" అన్నాను. అరవై దాటిన మనిషి, తానూ లేచి నాతో పాటు గెంతింది. తరువాత చాలాసేపు మోకాలు పట్టుకుని కూర్చుంది.

వేసవి గడపడానికని మామా నన్ను వెంటబెట్టుకుని ఈ ద్వీపానికి వచ్చినప్పుడు మూడు వారాలకు సరిపడా బట్టలే సర్దుకున్నాం. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఇప్పుడు చూడు: జాబ్రియాలో ఇంటికి కాపలాగా ఉంచిన నువ్వు అక్కడ, ఇంటి యజమానురాలు, ఆ ఇంటి వంటమనిషినైన నేను ఇక్కడ.

ఇక తిట్లు. ఎలీసమ్మ ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "అక్కా, బస్సులో నా పక్క సీటు ఈశ్వరయ్య గారికే ఆపానండీ. బస్సు దాకా వచ్చారు. పావురాలకి గింజలెయ్యాలని చెప్పి వెనక్కెళ్ళిపోయారు." అమ్మాన్ నుంచి మనవాళ్లనందరినీ విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారు. అవి ఎన్నాళ్లు నడుస్తాయో, యుద్ధం ఎప్పుడు ముంచుకొస్తుందో ఎవరికీ తెలియదు. పదమూడేళ్లుగా కువైట్ విమానాశ్రయంలో కూర్చుని ఏ విమానం ఏ దారిన పోవాలో, ఎంతసేపు పోవాలో పైలట్లకు రాసిచ్చేవాడివి, నీకోసం అమ్మాన్‌లో విమానం ఎదురుచూస్తూంటే మామా మిద్దె మీది పావురాలకు గింజలు వేస్తావా? ఈ ఉత్తరం అందిన మరునాడే బస్సు ఎక్కాలి.

ఎక్కేలోపు ఒక పని చేసిపెట్టు. మామా కూతురు నూరా ఇక్కడికి పడమరగా ఉన్న క్రీట్ ద్వీపంలో, హెరాక్లియన్ అనే ఊళ్లో చిక్కుకుంది. ఆమె భర్త కువైట్‌లో ఉండిపోయాడు. సెప్టెంబరు నడిమికి కాన్పు. మామా వెళ్లక తప్పదు. కానీ మామాకు విమానమంటే హడలు. ఎప్పుడూ కొడుకు పక్కన కూర్చుని నిమిషాలు లెక్కపెట్టి చెప్పేవాడు. ఆ కొడుకు ఇప్పుడు లండనులో ఉన్నాడు. "ఎన్ని నిమిషాలో తెలిస్తే ఎక్కుతా, లేకపోతే లేదు" అని పట్టుపట్టింది. హోటలు గుమాస్తాను అడిగితే గంట, గంటన్నర అన్నాడు. మామా వాడి మీద లేచింది. "గంటా, గంటన్నరా? మధ్యలో ఉన్న ఆ అరగంట ఎవరిది?"

ఆ లెక్కేదో రాసి పంపు. ఈ ఉత్తరాన్ని అమ్మాన్ బస్సుల అడ్డా దగ్గరి టీ కొట్టు చిరునామాకు వేస్తున్నాను. మనుషుల్ని అక్కడ దింపి ఖాళీ బస్సుతో కువైట్ తిరిగివచ్చే మన కడప ఖాజా హుస్సేన్ తెచ్చి ఇస్తాడట.

అక్క గంగులమ్మ

*

జాబ్రియా, కువైట్
1 సెప్టెంబరు 1990

అక్కకు నమస్కారాలు.

తిట్లు చెక్కుచెదరకుండా అందాయి. ఆశీస్సులు సరిహద్దు తనిఖీలో ఆగినట్టున్నాయి. అయినా అందినట్టే స్వీకరిస్తున్నాను. ఖాజా హుస్సేన్ నీ ఉత్తరాన్ని స్టెప్నీ టైరు సందులో దాచి తెచ్చాడు. అందువల్ల రెండో పుటలో మామా కోపంగా ఉన్నచోటల్లా గ్రీజు మరకలున్నాయి.

నేను బాగున్నాను. రొట్టెల వరుసలో పొద్దున రెండు గంటలు నిలబడతాను. వీధి చివర సైనికులు నివాస అనుమతి పత్రం, ఇఖామా చూసి వదిలేస్తారు. విమానాశ్రయం మూతపడింది. దూరాల పుస్తకం, గాలుల పటాలు, గుండ్రటి లెక్కల చక్రం మాత్రం సరిచూసుకోవడానికని ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాను కనుక దక్కాయి. నెల రోజుల తరువాత చేతికి పని దొరికింది. నిన్నంతా ఈల వేసుకుంటూనే ఉన్నాను. మామాకు కృతజ్ఞతలు చెప్పు.

లార్నకా విమానాశ్రయం నుంచి హెరాక్లియన్ విమానాశ్రయానికి భూగోళపు వంపు మీద అతి దగ్గరి దారి నాలుగు వందల పదిహేడు నాటికల్ మైళ్లు. అంటే సుమారు ఏడు వందల డెబ్భై కిలోమీటర్లు. విమానాలు గీత గీసినట్టు పోవు. ఆకాశంలో వాటికి కేటాయించిన దారులుంటాయి. ఆ మలుపులకు మరో పదమూడు మైళ్లు కలపాలి. ఈ నెలలో ఆ ఎత్తున గాలి పడమటి నుంచి వీస్తుంది. మామా పడమటికే వెళుతున్నది కనుక అది ఎదురుగాలి. అన్నీ కలిపి అరవై ఎనిమిది నిమిషాలు. నడుమనున్న అరగంట ఎవరిదీ కాదని మామాకు నా మాటగా చెప్పు.

భయపడేవారికి నిమిషాల మొత్తం ఒక్కటే చాలదు. ఏ నిమిషంలో ఏ చప్పుడు వస్తుందో ముందుగా తెలిస్తే ఆ చప్పుడు చుట్టంలా వస్తుంది, దొంగలా రాదు. కనుక వివరంగా రాస్తున్నాను, అరబ్బీలో చదివి వినిపించు.

మొదటి నిమిషంలో కాళ్ల కింద ధబ్‌మని వినబడుతుంది. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి, ఏదీ ఊడిపోలేదు. మూడో నిమిషంలో ఇంజన్ల హోరు తగ్గుతుంది. ఆగిపోవడం కాదు; ఎక్కడానికి అంత బలం అవసరం లేదని పైలట్ తగ్గించాడు. ఇరవయ్యో నిమిషానికి ఎక్కడం పూర్తవుతుంది. నలభై నాలుగో నిమిషంలో, మబ్బు లేకపోతే, కుడివైపు దూరంగా రోడ్స్ ద్వీపం కనబడవచ్చు. నలభై ఎనిమిది నుంచి దిగడం. అరవై మూడులో మళ్లీ ధబ్: చక్రాలు బయటికి వచ్చాయి. అరవై ఎనిమిది: నేల.

ఒకవేళ హెరాక్లియన్‌లో గాలి బలంగా ఉండి దిగలేకపోతే మరో విమానాశ్రయం పేరు ముందే కాగితంలో రాసి ఉంటుంది, అక్కడికి చాలినంత ఇంధనమూ ఉంటుంది. ఇది మామాకు చెప్పనక్కర్లేదు. నీకు చెబుతున్నాను.

ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోకపోతే ఓడ ఉంది. రెండు రోజులు పట్టవచ్చు. కాని ఓడ మంచి వాహనం. కింద నీళ్లున్నాయని కంటికి కనబడుతూనే ఉంటుంది. మనిషికి అదొక ధైర్యం.

బస్సు సంగతి: పావురాలు ఇరవై మూడు. మిద్దె మీద గింజల సంచి ఇంకా సగం ఉంది. అది అయిపోనీ, చూద్దాం.

ఈశ్వరయ్య

*

హెరాక్లియన్, క్రీట్ ద్వీపం
13 సెప్టెంబరు 1990

తమ్ముడూ,

ఆడపిల్ల! మూడు కిలోల పైచిలుకు, తలనిండా జుట్టు, గొంతు మాత్రం అచ్చం మామాదే. నిన్న మధ్యాహ్నం పుట్టింది. మేము చేరిన రెండో రోజునే. భాష తెలియని గ్రీకు ఆయా ఒకామె మా ఇద్దరి నోళ్లలో చెరొక చక్కెర బిళ్ల పెట్టి, మామా బుగ్గ గిల్లి పోయింది. కువైట్‌లో మామా బుగ్గ గిల్లే ధైర్యం ఎవరికుంది!

ఇక నీ అరవై ఎనిమిది నిమిషాల కథ విను. నవ్వు ఆపుకుని రాయడానికి మూడుసార్లు కలం కింద పెట్టాను.

నీ కాగితాన్ని మామా మడిచి పైన తొడుక్కున్న అబాయా లోపల పిన్నుతో గుచ్చుకుంది. కొడుకు ఇచ్చిన పెద్ద గడియారం చేతికి కట్టుకుంది. విమానం తలుపు మూశారో లేదో, "యల్లా!" అని గడియారం చూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఒక నిమిషం గడిచింది. ధబ్ అనలేదు.

"గంగా, చక్రాలు ముడవలేదు."

"ముడుస్తాడులే మామా. మర్చిపోయినట్టుండాడు."

"మర్చిపోయాడా? వాళ్లకు గుర్తు చెయ్!"

పరిచారికను పిలిచి, చక్రాలు ముడవమని పైలట్‌కు చెప్పమన్నాను. ఆ పిల్ల కిటికీలోంచి కింద చూసింది, నన్ను చూసింది. తమ్ముడూ, మేమింకా నేల మీదే ఉన్నాం. విమానం అంగుళం కదలలేదు. అప్పుడు ముడిచి ఉంటే ఏమయ్యేదో నువ్వే లెక్కకట్టు.

పది నిమిషాలకు కదిలింది. ఎద్దుబండిలా అటు తిరిగి, ఇటు తిరిగి, మరో విమానం వెనుక నిలబడి, ఇరవై నాలుగో నిమిషంలో లేచింది. నలభై నాలుగో నిమిషంలో మామా కుడివైపు కూర్చున్న ఒక దొరగారి మీదుగా కిటికీలోకి వంగి, "రోడ్స్ ఏది?" అని ఆయన్నే నిలదీసింది. అంతా సముద్రమే. అరవై ఎనిమిదో నిమిషం. మామా బెల్టు విప్పింది. అబాయా సర్దుకుంది. సంచి భుజాన వేసుకుంది. "ఖలాస్. అయిపోయింది. దిగుదాం" అని తలుపు వైపు నడిచింది.

ఇద్దరు పరిచారికలు అడ్డం. "ఇంకా సముద్రం మీదున్నాం, కూర్చోండి" అని వాళ్లు. "గంగా తమ్ముడు రాసిచ్చాడు. మీ వాడికి దారి తెలియదు" అని మామా కాగితం విప్పి తెలుగు అక్షరాలు వాళ్ల ముఖం మీద ఆడించింది. నేనేమైనా తక్కువ తిన్నానా? "మా వోడి లెక్క తప్పదు. మీ ఇమానమే తప్పు పోతాండాది" అని లేచి నిలబడ్డాను. ముందు వరుసల వాళ్లంతా చప్పట్లు కొట్టారు, ఎవరి పక్షానో తెలియదు. చివరికి పైలట్ మైకులో ఇంకా ఇరవై మూడు నిమిషాలని చెప్పాడు. మామా కూర్చుని, ఆ ఇరవై మూడు నిమిషాలూ ఆయన్ను, నిన్ను, హోటలు గుమాస్తాను వంతులవారీగా తిట్టింది. చక్రాలు నేలను తాకిన సంగతే గమనించలేదు. భయపడడానికి ఆమెకు తీరిక దొరకలేదు.

ఇక్కడితో నవ్వు ఆపేస్తున్నాను.

నేను ఎనిమిదిసార్లు విమానం ఎక్కాను, కళ్లు మూసుకునే అయినా. తలుపు మూశాక అది లేవడానికి అరగంట పట్టడం ఎప్పుడూ ఉన్నదే. పిల్లలు ఏడుస్తారు, బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపిస్తారు, చాక్లెట్లు పంచుతారు. ఒక్కసారి లోపల కూర్చున్న ఎవరికైనా ఇది తెలుస్తుంది. నీ కాగితంలో అది లేదు. చెవులు దిబ్బెడ వేస్తాయన్న మాటా లేదు. మామా చెవులు పట్టుకుని, "దీని గురించి రాయలేదేం?" అని అడిగింది.

ఈశ్వరయ్యా, నువ్వు ఎప్పుడైనా విమానం ఎక్కావా?

అక్క

*

జాబ్రియా, కువైట్
21 సెప్టెంబరు 1990

అక్కకు నమస్కారాలు.

పాప పుట్టిన కబురు చదివి మిద్దె మీదికి వెళ్లి పావురాలకు రెండు దోసిళ్లు ఎక్కువ వేశాను. వారం రోజులుగా సైనికులు తప్ప కొత్త మనిషిని చూడని నాకు, మూడు కిలోల కొత్త మనిషి వచ్చిందంటే కొంచెం మత్తుగానే ఉంది.

ముందు లెక్కలో తప్పు ఒప్పుకోవాలి. మా గదిలో రెండు కాలాలు ఉంటాయి. చక్రం నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒకటి. చక్రాల కింది దిమ్మలు తీసినప్పటి నుంచి తిరిగి పెట్టేదాకా ఒకటి. నా బల్ల మీదికి వచ్చేది మొదటిదే; రెండోది పక్క బల్ల వారిది. అది అంకెగా నాకు తెలుసు. కాని ఆ అదనపు నిమిషాల్లో మనుషులు లోపల కూర్చుని ఉంటారని తోచలేదు. మామాను క్షమించమని కోరుతున్నాను. ఆ అరగంట నాదే.

ఇక నీ ప్రశ్న. ఎక్కలేదు.

డెబ్భై ఏడులో బొంబాయి నుంచి ఓడలోనే వచ్చాను. ఇంటికి మూడుసార్లు వచ్చిందీ ఓడలోనే. విమానాల గదిలో పనిచేసేవాడు ఓడలో వచ్చాడంటే ఊరు నవ్వుతుందని విమానమన్నాను. ఎనభై రెండులో ఆ ఓడ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. ఎనభై ఆరులో నీ కూతురు చిట్టి పెళ్లికి సెలవు ఇవ్వలేదని రాశాను. సెలవు ఇచ్చారు, టిక్కెట్టూ ఇచ్చారు. విమానాశ్రయంలో మెట్ల దాకా వెళ్లాను. అక్కడి నుంచి మా గది వందడుగులే, అందులోకి పోయి కూర్చున్నాను. పీటల మీదికి గంపలో మోసుకురావలసిన మేనమామ ఆ గంటలో గాలుల పటం గీస్తున్నాడు.

కారణం నవ్వదగినదే. నేను తయారుచేసే ప్రతి కాగితంలో ఒక గడి ఉంటుంది: చేరవలసిన చోట దిగలేకపోతే ఎక్కడ దిగాలి. పదమూడేళ్లుగా రోజుకు ఎనిమిదో పదో గళ్లు నింపాను. వాటిని వాడుకోవలసి వచ్చిన విమానాలు వేళ్ల మీద లెక్కించవచ్చు, అవి కూడా క్షేమంగానే దిగాయి. కాని నింపిన చెయ్యి నాది. ప్రతిసారీ "దిగలేకపోతే" అని రాసి రాసి, అది నాలో దిగింది.

ఖాజా హుస్సేన్ రేపు మళ్లీ బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. అతను నన్నూ రమ్మంటున్నాడు. గింజలు ఇంకా రెండు వారాలకు వస్తాయి. తిట్టవద్దు అక్కా. తిట్టినా పరవాలేదు, రాయడం మానవద్దు.

ఈశ్వరయ్య

*

హెరాక్లియన్
28 సెప్టెంబరు 1990

ఒరే ఈశ్వరయ్యా,

చదివి ముందు ఏడ్చాను. తరువాత నవ్వొచ్చింది. మెట్ల దాకా వెళ్లి పక్కగదిలో దూరినవాణ్ణి తలచుకుని, పాపను ఒళ్లో పెట్టుకుని నవ్వాను. పాపా నవ్వింది. రెండు వారాల పిల్ల నవ్వదని మామా అంటుంది; నా మాట నమ్ము, నవ్వింది.

చిట్టి సంగతి నాకు వదిలెయ్. నాలుగేళ్లు నీ మీద మనసులో కోపం పెట్టుకున్నాను. అది నిన్నటితో సరి.

నీ సంగతి మామాకు చెప్పేశాను. కోప్పడకు. ఆమె నీ కాగితం మళ్లీ విప్పి చూసింది. "భయపడేవాడు రాశాడా? అందుకే అంత బాగా రాశాడు" అంది. అరగంట మింగాడన్న నేరం కొట్టేసింది. నీకు ఒక ఆజ్ఞ కూడా పంపింది. "కోపం తెచ్చుకోమను. నాకు పనిచేసింది."

నేనొక మాట చెబుతాను. నాకు లెక్కలు రావు కాని నీ గడి మాత్రం అర్థమైంది. దిగవలసిన చోట దిగలేకపోతే ఇంకోచోట దిగమని ముందే రాసిపెడతారు, ఇంధనమూ పోస్తారు. అది భయపెట్టే గడి ఎట్లా అయింది? ఎవరినీ గాలిలో వదిలెయ్యకూడదని పెట్టిన గడి కదా. ఇప్పుడు కువైట్ నీకు దిగడానికి వీల్లేని చోటు. నీ కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశావు, ఇన్నేళ్లలో మొదటిసారి. నేను నింపుతున్నాను: అమ్మాన్. తరువాత బొంబాయి. తరువాత రైల్లో రాజంపేట. అక్కడ చిట్టి ఉంది.

మనవాళ్ల విమానాలు ఇంకో రెండు వారాలకు మించి నడవవని రేడియోలో అనుకుంటున్నారు. ఈసారి ఖాజా హుస్సేన్ వెనక్కి పోయేటప్పుడు సీటు ఖాళీగా పోకూడదు.

పావురాల గూడు తలుపు తీసెయ్. అవి వాటంతట అవే ఎగురుతాయి. ఆ ఇంట్లో ఎగరడం రానిది నువ్వొక్కడివే.

నూరాను, పాపను తీసుకుని మామా నవంబరులో మళ్లీ లార్నకా పోవాలంటోంది. తిరుగు ప్రయాణానికి కొత్త కాగితం కావాలట. ఈసారి తలుపు మూసినప్పటి నుంచి.

అక్క

*

బొంబాయి
9 అక్టోబరు 1990

అక్కకు నమస్కారాలు.

తేదీ పైన ఉన్న ఊరి పేరు మరొకసారి చూడు. నేనూ ఇందాకటి నుంచి అదే చూస్తున్నాను.

ఈ నెల మూడున గూడు తలుపు తీశాను. పావురాలు ఒక చుట్టు తిరిగి, ఇరవయ్యొకటి పోయాయి. రెండు మాత్రం గోడ మీద కూర్చుని నన్నే చూశాయి. వాటికోసం మిగిలిన సంచి మిద్దె మీదే బోర్లించి బస్సెక్కాను. షువైఖ్ రేవు దాటేదాకా ఖాజా హుస్సేన్ అద్దంలో నన్ను గమనిస్తూనే ఉన్నాడు. "దిగాలనిపిస్తే చెప్పన్నా," అన్నాడు, "తలుపు తియ్యను."

అమ్మాన్‌లో అతను బస్సు అప్పగించేశాడు. ఇద్దరికీ పక్కపక్క సీట్లు ఇచ్చారు. మెట్ల దగ్గర నా కాళ్లు నిలబడిపోయాయి. పక్కగది కోసం చూశాను. ఆ విమానాశ్రయంలో నాకు ఏ గదీ లేదు. అప్పుడు మామా ఆజ్ఞ గుర్తొచ్చి కోపం తెచ్చుకున్నాను. ఎవరి మీదో తోచక, మా పాత గది బల్లల మీద, పటాల మీద, చివరికి ఆ గడి మీద తెచ్చుకున్నాను. అది చల్లారేలోపు లోపల కూర్చుని ఉన్నాను.

తలుపు మూశారు. గడియారం చూశాను. ఆరో నిమిషంలో ఖాజా హుస్సేన్ మెల్లగా, "అన్నా, ఇది నా చెయ్యి, గేరు రాడ్డు గాదు. రోంత వదులు" అన్నాడు. వదల్లేదు. ఇరవై ఆరో నిమిషంలో లేచాం. ఇరవై ఏడులో ధబ్ అంది. పదమూడేళ్లుగా రాస్తున్న చప్పుడును మొదటిసారి విన్నాను అక్కా. చుట్టంలాగే వచ్చింది. నేను బిగ్గరగా, "చక్రాలు ముడుచుకున్నాయి!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. వెనుక సీటులోని ముసలామె ఒకతె "అట్లనా నాయనా? ఇంకేమైతాది, చెప్పు" అంది. ఇక ఆపలేదు. ప్రతి చప్పుడుకూ ముందే చెబుతూ వచ్చాను. కొంతసేపటికి నాలుగు వరుసల వాళ్లు నన్నే అడుగుతున్నారు. ఖాజా హుస్సేన్ ఎప్పుడో చెయ్యి విడిపించుకుని నిద్రపోయాడు, నేను గమనించలేదు. సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. తలుపు నుంచి తలుపుకు అయిదు గంటల యాభై ఒక్క నిమిషాలు.

రేపు రాజంపేట రైలు. చిట్టికి ఉత్తరం వేశాను. గంప సిద్ధం చేయమన్నాను. ఇద్దరు పిల్లల తల్లిని మోయగలనో లేదో చూడాలి.

మామా తిరుగు ప్రయాణపు కాగితం దీనితో పంపుతున్నాను. హెరాక్లియన్ నుంచి లార్నకాకు దూరం అదే, నాలుగు వందల పదిహేడు మైళ్లు. గాలి వెనుక నుంచి వీస్తుంది కనుక ఆకాశంలో అరవై నిమిషాలు చాలు. తలుపు మూసినప్పటి నుంచి ఎనభై అయిదు, పది అటూ ఇటూ. ఆ పదీ పైలట్‌వి, నావి కావు. రోడ్స్ ఈసారి ఎడమవైపు.

పాపకోసం ఒక గీత అదనంగా రాశాను. విమానం లేచాక నాలుగైదు నిమిషాలకు చెవులు దిబ్బెడ వేస్తాయి. అప్పుడు పాపకు పాలు పట్టాలి, మామా చాక్లెట్టు చప్పరించాలి. దీన్ని ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు.

ఈశ్వరయ్య